రెండు గీతల జెట్టు

నన్ను జిల్లా విలేకరిగా మహబూబ్‌నగర్‌కు వేసినప్పుడు పత్రిక వాళ్లు ఒక పాత మోటారు సైకిలును కూడా నా పేరు మీద రాశారు. నాకు ముందు అక్కడ పనిచేసినాయన దాన్ని ఏడాది తోలి, ఆ తర్వాత వరండాలో గోనెపట్టా కప్పి పెట్టి, బస్సుల్లోనే తిరిగి రిటైరయ్యాడు. ఆ గోనెపట్టా తీసిన రోజే నాకు సంగతి అర్థం కావలసింది. అప్పటికి నాకు ముప్పై ఏళ్లు కూడా లేవు. మోటారు సైకిలున్న విలేకరి జిల్లా మొత్తానికి నేనొక్కడినే అన్న సంబరంలో ఉన్నాను.

అవి అరవైల తొలి సంవత్సరాలు. తారు రోడ్డంటే హైదరాబాద్ వైపు కొంత, కర్నూలు వైపు కొంత. మిగిలిందంతా మొరం, ఇసుక, బండ్లు నడిచి పడిన గాడులు. బండి రెండు స్ట్రోకులది. అలాంటి ఇంజనుకు నూనె విడిగా పోయరు. పెట్రోలులోనే కలిపి పోస్తారు. ఆ పెట్రోలే దానికి తిండి, అదే తైలం. పెట్రోలు తక్కువ అందితే నూనె కూడా తక్కువ అందుతుంది. యంత్రాల గురించి నేను చెప్పదలచుకున్నది దాదాపు ఇంతే. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుంటే చాలు.

నా బండి కార్బురేటరు అరిగిపోయింది. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించేది అదే. అది ఒకసారి ఎక్కువ తాగించేది, ఒకసారి ఎండగట్టేది. ఎక్కువ తాగినప్పుడు ప్లగ్గు మసి పట్టి బండి ఆగిపోయేది. ఒకరోజు కలెక్టరు కచేరీ ముందు అలాగే ఆగింది. ప్లగ్గు విప్పి చేతిరుమాలుతో తుడుస్తున్నాను. పోటీ పత్రికకు పనిచేసే పెద్దాయన గొడుగు చంకన పెట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. జిల్లాలో ఆయన నడవని ఊరు లేదు.

“ఏమయ్యా, వార్త తెచ్చినవా, బొగ్గు తెచ్చినవా?” అన్నాడు. చుట్టూ ఉన్న జవాన్లు నవ్వారు. “మీ పేపరోళ్లకు జెప్పు, గిది తోలేటందుకు ఒక విలేకరి, తుడిచేటందుకు ఇంకో విలేకరి కావాలని.”

ఆ నవ్వు నన్ను చాలాకాలం వెంటాడింది. తర్వాత జరిగినదానికి అదీ ఒక కారణమే.

గడియారం చౌరస్తా పక్క సందులో ఒక ఉస్తాదు ఉండేవాడు. పాత రోజుల్లో ఫౌజు లారీలు బాగుచేసిన మనిషి. మాట తక్కువ, చెయ్యి నిదానం. నా కార్బురేటరు విప్పి, లోపలి బిళ్లను వేలితో కదిలించి చూపించాడు.

“ముసలోని పన్ను లెక్క ఊగుతాంది. దీనికి దవా లేదు సారు. మార్చాలె.”

కొత్తది దొరికే రోజులు కావు. ఆయనే హైదరాబాదు పోయి పాత సామాన్ల బజారులో వెతికి రెండు తెచ్చాడు. ఒకదాని నోరు పెద్దది, ఒకదాని నోరు చిన్నది. నేను పెద్దదాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఉస్తాదు దాన్ని మెల్లగా నా చేతిలోంచి తీసి పక్కన పెట్టాడు.

“ఇది తారు రోడ్డు మీద ఉరికేటోనికి. నువ్వు ఇసుకల, బండ్ల బాటల మెల్లగ పోయేటోనివి. పెద్ద నోట్లకెళ్లి గాలి మెల్లగ పోతది, పెట్రోలును లేపదు. చిన్న నోట్లకెళ్లి జోరుగ పోతది, గుంజుకొస్తది. నీ తొవ్వలకు చిన్నదే మంచిది.”

చిన్నదే బిగించాడు. ఇక మిగిలింది జెట్టు. కార్బురేటరు అడుగున ఉండే చిటికెన వేలి గోరంత ఇత్తడి మర అది. దాని సన్నని రంధ్రం ఎంత ఉంటే ఇంజనుకు అంత పెట్రోలు. మూడు రోజులు పొద్దున్నే జడ్చర్ల రోడ్డు మీద దాన్ని సరిచూశాం. నేను తోలేవాణ్ణి, ఉస్తాదు వెనక కూర్చునేవాడు. బాగా వేగం మీద ఉన్నప్పుడు భుజం తట్టేవాడు. వెంటనే ఇంజను ఆపాలి. దిగి, రోడ్డు పక్కనే ప్లగ్గు విప్పి రంగు చూసేవాడు. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నంలా తెల్లగా ఉంటే తక్కువ. ఇటుక రంగు ఉంటే సరి.

“ప్లగ్గు జెప్పినంత నిజం నీ పేపరు గూడ జెప్పదు సారు” అని నవ్వాడు ఒకసారి. మూడు రోజుల్లో ఆయన నవ్వింది అప్పుడే.

చివరికి రెండు జెట్లు తేలాయి. వాటి మీది అంకెలు అరిగిపోతే ఉస్తాదు ఆకురాయితో గీతలు గీశాడు. ఒక గీతది సన్నది, రెండు గీతలది లావుది. లావుది వేస్తే గుట్టలు ఎంతైనా ఎక్కుతుంది. కానీ మైదానంలో పొగ వదిలి, ముప్పై నలభై మైళ్లకు ప్లగ్గు మసి పడుతుంది. సన్నది వేస్తే పొగ లేదు, మసి లేదు. ఇంజను వీణలా మోగుతుంది, కానీ గుట్ట ఎక్కేటప్పుడు పెట్రోలు, నూనె చాలవు. కలెక్టరు కచేరీ మెట్లు గుర్తొచ్చి నేను ఒక గీతదే కావాలన్నాను.

“తిరుగుడంత మైదానంలనేనా?”

“దాదాపు అంతే ఉస్తాద్.”

“అమ్రాబాద్ గుట్టలెక్కవా?”

“ఎప్పుడన్న ఎక్కుత.”

ఉస్తాదు రెండు గీతల జెట్టును దూదిలో చుట్టి, ఖాళీ అగ్గిపెట్టెలో పెట్టి నా పనిముట్ల డబ్బాలో వేశాడు. “గుట్టెక్కే ఘాటు కింద ఆగు. పది నిమిషాల పని. ఇది మార్చుకొని ఎక్కు. ఇంకో మాట సారు. ఇంజను మస్తుగ పాడుతాందని ఖుషీ గాకు. ఆకలి మీదున్న ఇంజను గట్లనే పాడ్తది, పట్టేసేదాక.”

మొదటి రెండుసార్లు ఆయన చెప్పినట్టే ఘాటు కింద కాలువ దగ్గర ఆగి మార్చుకున్నాను. మూడోసారి చలికాలం. ఒక్కడినే ఉన్నాను, ఏదో ఆలోచనలో పడి మరిచిపోయి ఎక్కేశాను. ఏమీ కాలేదు. ఉస్తాదుది పాతకాలపు జాగ్రత్త అనుకున్నాను. ఆ తర్వాత అగ్గిపెట్టె తెరవలేదు. తప్పు చేసినా ఏమీ కాకపోవడం ఎంత ప్రమాదమో నాకప్పుడు తెలియదు. వృత్తిలో కొత్తగా అడుగుపెట్టిన వాళ్లకు అది ఎలాగూ చెబితే తెలిసేది కాదు.

ఇక ఒక అవ్వ సంగతి. అమ్రాబాద్ గుట్టల మీది ఒక ఊళ్లో మూడెకరాల చెల్క, వానకు పండే మెట్ట భూమి, ఆమె భర్త కౌలు కింద ఉండేది. యాభైల్లో కౌలు చట్టం వచ్చినప్పుడు ఆయనకు రక్షిత కౌలుదారుగా సర్టిఫికెట్ ఇచ్చారు. దున్నేవాణ్ణి ఇష్టమొచ్చినట్టు వెళ్లగొట్టకుండా కాపాడే కాగితం అది. ఆయన పోయిన ఏడాదికి పట్టాదారు ఒక రాజీనామా బయటపెట్టాడు. భూమిని నా ఇష్టంతో వదులుకుంటున్నానని ఆయన వేలిముద్ర వేసినట్టు అందులో ఉంది. అవ్వను చెల్కలోంచి పంపించేశారు. ఆమె గుట్ట దిగి, అచ్చంపేట అవతల బిడ్డ ఇంట్లో తల దాచుకుంది. నేను అక్కడికి పోయి ఆమెతో మాట్లాడాను.

“మా ఇంటాయన ఆర్నెల్లు మంచంల వడ్డడు సారూ. ఈగ వాలితె కొట్టుకునేటందుకు చెయ్యి లేవకపోయేది. ఆ ఏలు ఎవలు వట్టి ఒత్తిచ్చిన్రో ఆ దేవునికే ఎరుక” అంది ఆమె.

నాలుగంగుళాల వార్త రాశాను. పై అధికారులు చదివారు. విచారణకు ఒక అధికారిని వేశారు. నా వార్తకు ఒక ఫలితం రావడం అదే మొదటిసారి. కత్తిరించి దాచుకున్నాను.

మే నెలలో తునికాకు వేలం వార్త కోసం అచ్చంపేట పోయి రాత్రి అక్కడే ఉన్నాను. మర్నాడు తొమ్మిదింటికి హోటల్లో చాయ తాగుతుంటే రెవెన్యూ గిర్దావరు ఒకాయన కనబడ్డాడు.

“ఇంక ఈడనే ఉన్నవా? నీ వార్తల ముసల్దాని ఇచారణ ఇయ్యాల్నే గద, గుట్ట మీది సర్కారు బంగ్లల.”

“ఆమెకు నోటీసు ముట్టిందా?”

“చావడి గోడకు ముట్టింది” అన్నాడు చాయ ఊదుకుంటూ.

ఆమె విడిచి వచ్చిన ఊళ్లో, ఆమె లేని ఊళ్లో, గోడకు అంటించారు. అధికారి మధ్యాహ్నం అన్నం తిని రెండు, రెండున్నరకు జీపులో వేరే ఊరు పోతాడని గిర్దావరే చెప్పాడు. వారసురాలు అసలు సర్టిఫికెట్‌తో స్వయంగా వచ్చి అభ్యంతరం చెబితే రాజీనామా నిజమా కాదా అని విచారిస్తారు. రాకపోతే రాజీనామా ఖాయమైనట్టే. గుట్ట మీదికి పోయే బస్సు పొద్దున్నే వెళ్లిపోయింది.

బండి తీశాను. ఆరు మైళ్ల బాట. అవ్వ అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ ఉంది. సంగతి చెప్పాను. ఆమె చేతులు కడుక్కుని లోపలికి పోయి, అటక మీది నుంచి జానెడు పొడుగు వెదురు గొట్టం తెచ్చింది. మూతికి గుడ్డ కుక్కి ఉంది. సర్టిఫికెట్ అందులో ఉంది.

“గీ ఫట్‌ఫటి మీద నేను గూసుంటనా సారూ? కాళ్లు యాడ వెట్టాలె?”

“సిగ్గేందే అవ్వా” అంది బిడ్డ ఆమెను ఎక్కిస్తూ. “ఈ ఊర్ల ఎవ్వలు గూసోలే. నువ్వే ముందుగాల.”

ఘాటు కిందికి వచ్చేసరికి పదకొండున్నర కావస్తోంది. ఎండ నిప్పులా ఉంది. వెనక మనిషి బరువు ఉంది. ముందు ఎత్తు. కాలువ దగ్గర ఆగాలన్న ఆలోచన నాకు రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. గడియారం చూసుకున్నాను. పది నిమిషాలు ఎందుకు పోగొట్టుకోవాలి అనుకున్నాను. ఇంజను అద్భుతంగా పాడుతోంది. అంత హాయిగా అది ఎన్నడూ నడవలేదు.

మూడు మలుపులు ఎక్కాం. నాలుగో మలుపులో ఆ పాట సన్నబడింది. రేకు మీద గోరుతో గీసినట్టు ఒక చప్పుడు. వెనక చక్రం బిగుసుకుని జారింది. క్లచ్చు పట్టి ఎలాగో నిలబెట్టాను. అవ్వ నా చొక్కా పట్టుకుని మెల్లగా దిగింది.

“ఏమైంది సారూ?”

“ఏం కాలే అవ్వా. ఇంజను వేడైంది. జర సల్లారితె పోదం.”

పక్కన బండరాయి నీడలో కూర్చోబెట్టాను. పైన బంగ్లా అక్కడికి అయిదు మైళ్లు. నూనె అందక లోపల బిగుసుకుని ఇంజను పట్టేసిందని నాకు తెలుసు. చల్లారితే ఒక్కోసారి వదులుతుందని కూడా విన్నాను. విన్నదాన్ని నమ్మాలనుకున్నాను. పావుగంటయిందో లేదో, కింది నుంచి ఒక ఎడ్లబండి వచ్చింది. ఖాళీ బండి, పై ఊరిదే. బండాయన అవ్వను గుర్తుపట్టి ఎడ్లను ఆపాడు.

“ఏందే, ఈడ గూసున్నవు? బంగ్లకేనా? ఎక్కు, తోల్కపోత.”

అవ్వ లేచి నిలబడింది. బండి వైపు చూసింది, నా వైపు చూసింది.

“ఎద్దులు ఎప్పుడు ఎక్కాలె, ఎప్పుడు చేరాలె?” అన్నాను నేను. “పది నిమిషాలల్ల ఇంజను మల్ల స్టార్టయితది అవ్వా. నీకంటె ముందే పోతం.” ఆ చివరి మాట బండాయనతో అన్నాను, నవ్వుతూ.

“అట్లనా” అన్నాడాయన. “మరి సారు జెప్తాండు గద.”

“పో కొడుకా” అంది అవ్వ. “సారు తోలుకొచ్చిండు. సారుతోనే అస్త.”

బండి మలుపు తిరిగింది. ఎడ్ల మెడగంటల చప్పుడు చాలాసేపు వినబడింది.

మరో అరగంటకు ఇంజను వదిలింది. స్టార్టయింది. అవ్వను ఎక్కించుకుని రెండు ఫర్లాంగులు పోయానో లేదో మళ్లీ పట్టేసింది. అప్పుడు అగ్గిపెట్టె తెరిచాను. కాలిపోతున్న వేళ్లతో ఒక గీత జెట్టు తీసి రెండు గీతలది బిగించాను. సరిగ్గా పది నిమిషాలే పట్టింది. మళ్లీ చల్లారనిచ్చాను. ఒంటిగంట దాటింది. కిక్కు రాడ్డు మీద రెండు కాళ్లతో నిలబడినా అది కదల్లేదు.

“నడుద్దమా సారూ?” అంది అవ్వ. ఎడ్లబండి పోయాక ఆమె అడిగింది ఆ ఒక్క మాటే.

బండిని రాళ్లకు ఆనించి నడిచాం. ఆమె ముందు, నేను వెనక. గొట్టం ఆమె చంకలో ఉంది. నేను ఎక్కడైనా ఆగితే ఆమె కూడా ఆగేది.

మూడు దాటాక బంగ్లా చేరాం. జీపు లేదు. వాకిట్లో వేపచెట్టు కింద ఆ ఎడ్లబండి ఉంది. ఎడ్లను విప్పి గడ్డి వేసి, బండాయన తలగుడ్డ తల కింద పెట్టుకుని పడుకున్నాడు. మమ్మల్ని చూసి లేచి కూర్చున్నాడు.

“ఇప్పుడొచ్చిన్రా? నేనొచ్చినంక గూడ సారు శానాసేపు ఉండె. అన్నం దిన్నడు. జవాను బయటికొచ్చి నీ పేరు మూడుసార్లు పిలిచిండే. నేనే లేసి చెప్పిన, అస్తాంది, తొవ్వల ఉంది, కండ్లార చూసిన అని. నా మాట రాసుకోరంట.”

అవ్వ వరండా మెట్టు మీద కూర్చుంది. గొట్టాన్ని ఒళ్లో పెట్టుకుంది. బంగ్లా కావలివాడి వైపు తిరిగి, “సారుకు ఇన్ని నీళ్లియ్యి నాయినా. ఎండల నడిచిండు” అంది.

ఆ రోజు ఉత్తర్వులో రాసిన మాట గైర్హాజరు. తర్వాత వకీలును పెట్టి అప్పీలు చేయించాను. పైవాళ్లు కూడా ఆ ఒక్క మాటనే చదివారు. నేను పంపిన వార్త మూడు పంక్తులది. విచారణకు కౌలుదారు తరఫువారు హాజరు కానందున రాజీనామా ఖాయమైనదని రాశాను. నా ఉద్యోగంలో తప్పు వార్తలు కొన్ని రాశాను, వాటికి సవరణలు వేయించాను. ఆ మూడు పంక్తుల్లో మాత్రం ఒక్క అక్షరం తప్పు లేదు. అందుకే దానికి సవరణ పడలేదు.

బండిని వెదురు లారీలో వేయించి ఉస్తాదు దగ్గరికి తెచ్చాను. పిస్టను మీద నిలువు గీరలు పడ్డాయి. ప్లగ్గు సున్నంలా ఉంది. ఉస్తాదు కార్బురేటరు విప్పి జెట్టు చూశాడు. రెండు గీతలు. మళ్లీ చూశాడు. స్టూలు మీద కూలబడ్డాడు.

“లావు జెట్టే ఉంది. అయినా ఎండింది. అంటే బరువుతోని గుట్టెక్కెటందుకు ఈ చిన్న నోరు సాలలే. నాదే తప్పు సారు. నేనే ఎంచిన. పైసలియ్యకు నాకు.”

నేను ఏమీ అనలేదు. అనలేదు అంటే ఆ పూట కాదు, నాలుగు రోజులు. నాలుగో రోజు పోయేసరికి ఆ కార్బురేటరును విప్పి పాత ఇనుము కుప్పలో వేశాడు. వేరేది వెతకడానికి హైదరాబాదు పోవడానికి సంచీ సర్దుకుంటున్నాడు. అప్పుడు చెప్పాను. జెట్టు మార్చింది ఇంజను పోయాక అని. ఎడ్లబండి సంగతి కూడా చెప్పాను.

ఉస్తాదు సంచీ కింద పెట్టాడు. కుప్పలోంచి కార్బురేటరు తీసి గుడ్డతో తుడిచాడు. నన్ను తిట్టలేదు.

“ముసలామెకు జెప్పినవా?” అని మాత్రం అడిగాడు.

చెప్పలేదు. చెప్పడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది. ఈలోగా ఘాటు ఎన్నోసార్లు ఎక్కాను, ప్రతిసారీ కాలువ దగ్గర ఆగి జెట్టు మార్చుకున్నాను. జాగ్రత్త నేర్చుకున్నాను కదా అని కొంత తృప్తి కూడా పడ్డాను. ఇప్పటి విలేకరులు నా దగ్గరికి వచ్చి, మీ అనుభవం నుంచి ఏదైనా చెప్పండి సార్ అని అడుగుతారు. సమయానికి చేరడం గురించి, నిజం సరిచూసుకోవడం గురించి చెబుతాను. వాళ్లు రాసుకుంటారు. ఈ కథ మాత్రం ఇంతవరకు వాళ్లెవరికీ చెప్పలేదు. ఇందులో నేను నేర్చుకున్నదానికి వేరొకరు మూడెకరాలు ఇచ్చుకున్నారు.

రెండో వానాకాలంలో ఒకరోజు పైకి పోయాను. అవ్వ తన పాత ఊరికే తిరిగి వచ్చిందన్నారు. చెల్క దగ్గరికి పోయి చూశాను. జొన్న మోకాలెత్తు ఉంది. పది మంది ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. అందులో ఆమె ఉంది, పట్టాదారుకు కూలికి. బండి చప్పుడు విని కొంగుతో చేతులు తుడుచుకుంటూ గట్టు దగ్గరికి వచ్చింది.

“మంచిగున్నవా బిడ్డా? నీ ఫట్‌ఫటి మంచిగైందా?”

“అయ్యింది అవ్వా.” సిద్ధం చేసుకున్న మాటలన్నీ మరిచిపోయి చెప్పాను. “ఆ రోజు తప్పు బండిది గాదు. నాది. గుట్ట కింద చెయ్యాల్సిన పని చెయ్యలే. ఇంజను పోయిందని ఎరికయి గూడ నిన్ను కూసోవెట్టిన. ఎడ్లబండి ఎక్కనియ్యలే.”

ఆమె నా మాట పూర్తయ్యేదాకా విన్నది. దూరంగా గట్టు మీద పట్టాదారు మనిషి ఇటే చూస్తున్నాడు. ఆమె కొడవలి చేతిలోకి తీసుకుంది.

“ఇంజను పోయిందని నాకు అప్పుడే ఎరికాయె బిడ్డా. ఎడ్లబండి ఎక్కుదమనే లేసిన. నీ మొకం జూసిన. బండాయన ముంగట నువ్వు చిన్నబోతవని ఊకున్న.”

అని, వాన తడి ఆరకముందే తెమలాలంటూ తన సాలులోకి దిగింది.